ముసురు రోజుకు ఒక్క ఊరు చాలు

రాఖీ పండక్కు అక్కావాళ్లు భివండీ నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ముందురోజు రాత్రి ఒక కాగితం తయారయ్యేది. పొద్దున ఆరింటికి నల్లగొండలో బయలుదేరాలి, దేవరకొండ ఖిల్లా ఎక్కి దిగాలి, అక్కడి నుంచి నాగార్జునసాగర్, బుద్ధవనం, ఆపైన ఎత్తిపోతల జలపాతం, చీకటి పడేసరికి ఇంటికి. చలికాలంలో అయినా ఇది ఊపిరి తిప్పుకోనివ్వని తిరుగుడు. మేం దాన్ని శ్రావణమాసంలో, ఇద్దరు చిన్నపిల్లలను, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మను, అంటే బావ వాళ్ల అమ్మను, వెంటేసుకొని తిరగాలనుకున్నాం.

రెండేళ్ల కింద ఆ కాగితం పట్టుకొని బయలుదేరిన రోజు దేవరకొండ కూడా చేరలేదు. రాత్రంతా కురిసిన వానకు దారిలో ఒక లోలెవెల్ వంతెన మీంచి వాగు పారుతోంది. అవతల ఒక లారీ, ఇవతల నాలుగు బండ్లు ఆగి ఉన్నాయి. మా కారు డ్రైవరు చిన్న పిల్లగాడు. "మోకాలి లోతు గూడ ఉండయన్నా, మెల్లగ పోనిస్త" అన్నాడు. నాక్కూడా పోదామనే ఉంది, అప్పటికే గంట ఆలస్యమైంది. అత్తమ్మ మాత్రం గొడుగు వేసుకొని కిందికి దిగి, నీళ్ల దగ్గరిదాకా పోయి నిలబడి చూసింది. "రాళ్లేవి అల్లుడా? రోడ్డుకు రెండు దిక్కుల సున్నమేసిన రాళ్లుండాలె గద, ఒక్కటి గూడ కనవడ్తలేదు" అంది. ఆమె అన్నాకే నేను సరిగ్గా చూశాను. నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి, అడుగు కనిపించడం లేదు. ఒక తాటిమట్ట కొట్టుకొచ్చి, వంతెన మధ్యకు రాగానే గిర్రున తిరిగి, అవతలి అంచు మీంచి కిందికి పడిపోయింది. రెప్పపాటులో అయిపోయింది. రోడ్డు ఎక్కడ ఆగుతుందో, వాగు ఎక్కడ మొదలవుతుందో తెలియని చోటికి నేను పిల్లలను తీసుకుపోబోయాను.

బండి వెనక్కి తిప్పాం. పది గంటలకు నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం మండపంలో కూచున్నాం. సాయంత్రం దాకా ఆ ఊరు దాటలేదు. అక్కావాళ్లు నల్లగొండకు వచ్చిన అన్నిసార్లలోకీ వాళ్లు ఇప్పటికీ చెప్పుకునేది ఆ రోజునే. అప్పటి నుంచి వానాకాలం తిరుగుళ్ల మీద నాది ఒకటే మాట. ముసురు రోజుకు ఒక్క ఊరు పెట్టుకోవాలి. ఆ ఊళ్లో ఏమేం చూడాలో రాసుకునే ముందు, వాన దంచికొడితే ఎక్కడ ఆగుతాం, ముసలివాళ్లు అక్కడ ఎంతసేపు కూచోగలరు, బాత్రూం ఎక్కడుంది, చాయ్ ఎక్కడ దొరుకుతుంది, ఇవి రాసుకోవాలి.

ఇట్లా అంటే చాలామంది "వానలల్ల తిరుగుడేంది, సంక్రాంతికి రారాదు?" అంటారు. మన జిల్లాల వలసల సంగతి తెలిసినవాళ్లు అంత తేలిగ్గా ఆ మాట అనలేరు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి బొంబాయి, పుణె, భివండీ పోయినవాళ్లు ఇంటి మొహం చూసేది బోనాలకు, రాఖీకి, బతుకమ్మకు. పీర్ల పండగ కూడా ఈమధ్య ఏళ్లలో వానల్లోనే పడుతోంది. సెలవు దొరికేది అప్పుడే, ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చేది అప్పుడే. భివండీలో పుట్టి పెరిగిన మా మేనకోడలికి తన తల్లి ఊరు ఎట్లా ఉంటుందో చూపించడానికి నాకు ఏడాదికి దొరికేవి ఆ నాలుగు రోజులు. మొగులు పట్టిందని ఇంట్లో టీవీ ముందు కూచోబెట్టి పంపడం నాకు ఇష్టం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మాది మెట్ట నేల. ఇక్కడ పాతకాలపు రాజులు గుడి కడితే పక్కన చెరువు తవ్వించారు. పానగల్లును ఏలిన కందూరు చోడుల కాలంలోనే గుడులు లేచాయి, ఉదయసముద్రం చెరువూ వెలిసింది. మే నెలలో పోయి చూస్తే గుడి ఒకటి, చెరువు ఒకటి, రెండు వేర్వేరు వస్తువుల్లా కనిపిస్తాయి. నీళ్లు నిండి, కట్ట కింద పొలాల్లో నాట్లు పడ్డాక పోతే ఆ రెంటినీ ఒకే చేత్తో ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ నేలను వానలో చూడనివాళ్లు సగమే చూశారని నేను నమ్ముతాను.

అయితే వాన అంతా ఒకటే అనుకొని ప్లాన్ వేయకూడదు. మా దగ్గర జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. సన్నగా, తెంపు లేకుండా కురుస్తుంది. ఉరుములు తక్కువ. గొడుగు వేసుకొని నడవొచ్చు, గుడి మండపంలో కూచోవచ్చు. వాగులు మాత్రం రెండోరోజుకు లేస్తాయి. మృగశిర ముందూ వెనకా, మళ్లీ ఉత్తర, హస్త కార్తెల్లో పడే వాన వేరు. పొద్దంతా ఉక్క పోసి, మధ్యాహ్నం మూడు దాటాక మొగులు కమ్మి, గాలీ పిడుగులూ కలిసి గంటసేపు బాదిపోతుంది. అట్లాంటి రోజున పొద్దున్నే మంచి టైము. పన్నెండు లోపు చూసేవి చూసి కప్పు కిందికి చేరాలి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మా నాయన అంటుండేవాడు. ఉత్తర కార్తె కూడా ఎండిపోతే ఊరు విడిచి పోవాల్సిందేనని రైతు చెప్పుకున్న మాట అది. కార్తెను చూసి బతుకే నిర్ణయించుకున్నారు. ఒక రోజు తిరుగుడుకు కార్తె చూసుకోవడం మనకు పెద్ద కష్టం కాదు.

ఫోన్లో వచ్చే హెచ్చరికలను కూడా సరిగ్గా చదవాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఎల్లో అంటే కనిపెట్టి ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక చర్య తీసుకోమని. కానీ ఆ రంగు జిల్లా మొత్తానికి. మా నల్లగొండలో కరువు పడ్డ మండలం పక్కనే చెరువు మత్తడి దుంకే మండలం ఉంటుంది. అందుకే నేను రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ పెట్టే మండలాల వారీ వర్షపాతం లెక్కలు చూస్తాను. ముందురోజు రాత్రి మనం పోయే దారిలోని మండలాల్లో, ఆ వాగుకు ఎగువనున్న మండలాల్లో ఎంత పడింది అన్నది నాకు కావాలి. రేపటి వాన అంచనా తప్పొచ్చు. నిన్న పడ్డ వాన మాత్రం ఈరోజు వాగులో ఉంటుంది.

ఇక సాగర్ సంగతి. వానాకాలం ప్లాన్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. నల్లగొండలో జోరుగా వాన పడుతోందంటే సాగర్ గేట్లు ఎత్తి ఉంటారనుకొని జనం బండ్లు కట్టుకొని పోతారు. తీరా పోతే 26 గేట్లూ మూసే ఉంటాయి, డ్యాము కింద రాళ్లు తేలి ఉంటాయి, పైన మాత్రం ముసురు. పిల్లలు ముఖాలు వేలాడేసుకొని తిరిగొస్తారు. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. పడమటి కనుమల్లో కురిసిన వాన కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ నింపి, మన జూరాలకు వచ్చి, శ్రీశైలంలో చేరి, అక్కడ మట్టం 885 అడుగులకు దగ్గరపడ్డాక సాగర్‌కు దిగుతుంది. సాగర్ కూడా 590 అడుగులకు అటూ ఇటూ అయితేనే గేట్లు లేస్తాయి. అంటే మనం చూడబోయే నీళ్లకు మన నెత్తి మీది మొగులుతో సంబంధం చాలా తక్కువ. 2025లో జూలై చివరిలోనే గేట్లు ఎత్తారు. 2023లో పైనుంచి వరద సరిగా రాక సాగర్ నిండనే లేదు.

కాబట్టి సాగర్‌కు పోవాలనుకునేవాళ్లు పేపర్లో జిల్లా పేజీ తెరిచి జూరాల నుంచి ఎంత వదులుతున్నారు, శ్రీశైలం మట్టం ఎంత అని చూడాలి. శ్రీశైలం గేట్లు ఎత్తారంటే ఇక సాగర్ కోసం ఒక రోజు తీసి పెట్టుకోవచ్చు. మంచి సంగతేమిటంటే గేట్లు ఎత్తిన రోజుల్లో మా దగ్గర ఒక్కోసారి ఫెళ్లున ఎండ కాస్తుంది. అది ముసురు రోజు పని కానే కాదు, తెరిపిచ్చిన రోజు పని. ముసురులో పోతే నాగార్జునకొండ లాంచీ కూడా నమ్మకం లేదు. ఈదురుగాలి ఉన్నా వరద ఎక్కువున్నా ఆపేస్తారు. 2022లో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాలు. మహాస్తూపం లోపలికి పోతే తప్ప చూసేదంతా ఆరుబయటే. మా పాత కాగితంలో ముసురు రోజున ఇవన్నీ వరసగా రాసుకున్నామంటే ఇప్పుడు నాకే బాధగా ఉంటుంది.

పానగల్లుకు వస్తాను. పచ్చల సోమేశ్వరాలయంలో డెబ్బై స్తంభాలు. నల్లరాయి. ఎండకాలం ఆ గోడల మీది శిల్పాలు దుమ్ముపట్టి బూడిదరంగులో ఉంటాయి, కళ్లు చికిలించి చూడాలి. ఆ రోజు వాన ఏటవాలుగా కొడుతూ ఒక పక్క గోడను తడిపింది. తడిసినంత మేర రాయి మసిలాగా నల్లబడి, రామాయణం, భారతం కథల బొమ్మలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. చేతులు, విల్లులు, ఏనుగుల తొండాలు. మా మేనకోడలు మండపం అంచున నిలబడి చెయ్యి చాపి, చూరు నుంచి పడే ధారను వేళ్ల మీద పట్టుకుంటూ ఏనుగులను లెక్కపెట్టింది. తడవని గోడ మీద లెక్క దొరకడం లేదని వాన అటు కూడా కొడితే బాగుండునంది. మామూలుగా పోయే అరగంట తిరుగుడులో ఏ పిల్లా గోడ ముందు అంతసేపు నిలబడదు. వాన బయటికి పోనివ్వలేదు కాబట్టి నిలబడింది.

గుడి పక్కనే మ్యూజియం ఉంది. చుట్టుపక్కల దొరికిన శిల్పాలు, శాసనాలు అందులో పెట్టారు. వారపు సెలవు ఏ రోజో ముందే కనుక్కొని పోవాలి. ఛాయా సోమేశ్వరాలయం అక్కడికి దగ్గరే, కానీ పొలాల మధ్య ఉంటుంది. తెరిపి ఇచ్చాక చెప్పులు చేత పట్టుకొని పోయాం. గర్భగుడిలో లింగం వెనక రోజంతా కదలకుండా నిలిచే స్తంభం లాంటి నీడే ఆ గుడికి పేరు తెచ్చింది. బయటి నుంచి స్తంభాల సందుల్లోంచి వచ్చే వెలుగులు లోపల కలిసి ఆ నీడను నిలబెడతాయని చెబుతారు. మొగులు కమ్మిన ఆ మధ్యాహ్నం నీడ పలచగా, ఊదరంగులో, ఉందా లేదా అన్నట్టు ఉంది. బావ నిరాశపడ్డాడు. నిజం చెప్పాలంటే ఛాయా సోమేశ్వరానికి ఎండ రోజే మంచిది, ఇంకోసారి రావాలి అన్నాను. ఆ తర్వాత కట్ట మీదికి పోయి ఉదయసముద్రం ముందు నిలబడి కాల్చిన మక్క కంకులు తిన్నాం. అంతకు మించి ఆ రోజు ఏమీ చేయలేదు.

మర్నాడు కూడా ముసురే. అప్పుడు పుట్టపాక పోయాం. సంస్థాన్ నారాయణపురం మండలంలో, నూనెలో నానబెట్టిన నూలుతో తేలియా రుమాలు నేసే ఊరు. భూదాన్ పోచంపల్లి అందరికీ తెలుసు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చిన ఊరు, ఇక్కత్ ఊరు. మాకు తెలిసిన మగ్గం పుట్టపాకలో ఉంది కాబట్టి అటు పోయాం. వాన రోజున చూడటానికి కప్పు కింద జరిగే పని మగ్గం కదా అనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడికి పోయాక తెలిసింది.

అత్తమ్మ భర్త చిన్నప్పుడు చేనేత వదిలి భివండీ పవర్‌లూమ్‌కు పోయినవాడు. ఆమె గడప దాటుతూనే నేరుగా మగ్గం దగ్గరికి పోయి, పడుగు మీద, అంటే మగ్గానికి నిలువుగా కట్టిన పోగుల మీద, అరచెయ్యి ఆనించింది. "మెత్తవడ్డది" అంది ఒక్కమాట. నేసే ఆయన తలూపి గుంత చూపించాడు. కాళ్లు పెట్టుకునే గుంతలో అడుగున నీళ్లు ఊరి ఉన్నాయి, పాత గోనెసంచులు వేసి ఉన్నాయి. మూడు రోజులుగా మగ్గం ఆడలేదట. రబ్బరు పట్టీలతో చిటికీలు కట్టి రంగులో ముంచిన నూలు ఇంట్లో దండేల మీద వేలాడుతోంది, ఆరడం లేదు. గంజి పట్టించిన పడుగు తేమకు జిగురవుతుంది, లాగితే పోగు తెగుతుంది. మనకు చూడముచ్చటైన వాన ఆ ఇంట్లో మూడు రోజుల కూలి పోగొట్టింది.

అందుకే వాన రోజు చూడదగ్గవి అంటూ చేనేత ఊళ్లను సరదాగా పట్టికలో వేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. పోండి, తప్పక పోండి. పోయేముందు ఫోన్ చేసి మగ్గం ఆడుతోందా అని అడగండి. ఆడకపోతే కూడా పోవచ్చు, నేసేవాళ్లకు ఆ రోజు మాట్లాడే తీరిక ఉంటుంది. నేసేముందు నూలును మేకుల మీద చేత్తో చుట్టే ఆసు పోయడం ఎట్లాగో, ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసిన సంగతేమిటో పిల్లలకు చెప్పించండి. చెప్పించుకున్నాక వట్టి చేతులతో లేచి రాకండి. అక్క ఆ రోజు ఒక రుమాలు కొన్నది, బేరం చేయలేదు.

పాలమూరు దిక్కు ముసురు రోజుకు నేను చెప్పేది ఆలంపురం. అదీ ఒక్క ఆలంపురమే. హైదరాబాదు నుంచి కర్నూలు హైవే మీదుగా పోయేవాళ్లు మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చెట్టు, గద్వాల కోట, జూరాల, ఆలంపురం అన్నీ ఒకే రోజులో కుక్కుతారు. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి, బాదామి చాళుక్యులవి. చిన్నచిన్న గుడులు దగ్గరదగ్గరగా ఉంటాయి. జల్లు పడితే ఒక గుడిలో, తెరిపిస్తే ఇంకో గుడికి. ఒక్కొక్క కప్పు కింద పది నిమిషాలు ఆగడానికే కట్టినట్టుంటుంది ఆ అమరిక. స్వర్గబ్రహ్మ ఆలయం గోడలకు పావుగంట సరిపోదు. మ్యూజియం ఉంది, జోగులాంబ గుడి ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన సంగమేశ్వరాలయం కూడా ఉంది. పిల్లలకు ప్రాజెక్టు అంటే ఏం ముంచుతుందో చెప్పాలంటే దాని ముందు నిలబెట్టాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఉప్పొంగి కర్నూలుతో పాటు ఆలంపురం కూడా మునిగింది. అందుకని నదిలో వరద ఉందన్న వార్త ఉంటే ఆ వారం ఆలంపురం మానుకోవాలి. ముసురు వేరు, నది లేవడం వేరు.

పిల్లలమర్రి మీద నాకు ప్రేమ ఎక్కువ, కానీ గాలివాన రోజున వద్దంటాను. ఏడొందల ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాలు కమ్ముకొని ఉంటుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, 2018లో చెదలు చంపడానికి ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. అట్లా బతికించుకున్న చెట్టు కింద గాలి లేచినప్పుడు నిలబడటం మనకూ మంచిది కాదు, దానికీ మంచిది కాదు. అక్కడి మ్యూజియంలో కూచుని వాన తగ్గాక బయటికి రావాలి.

కొండల గురించి ఒక్కమాటే. భువనగిరి, దేవరకొండ, రాచకొండ ముసురులో ఎక్కొద్దు. నున్నటి బండ మీద పాచి కనిపించదు, పిడుగు పడితే దాక్కునే చోటుండదు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం సఫారీ జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఎట్లాగూ మూస్తారు. మల్లెలతీర్థం జలపాతం దగ్గరికి దిగడానికి మూడువందల పైచిలుకు మెట్లు, తడిమెట్లు. దిగడం సరే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కేదెట్లా?

ఒక్క ఊరికోసం బండి కిరాయి దండగ అని బావ మొదట్లో అనేవాడు. లెక్క వేసి చూపించాను. నాలుగు చోట్లు పెట్టుకున్న రోజున ఎనిమిది గంటలు కారులో, రెండున్నర గంటలు నేల మీద. పానగల్లు రోజున, పొద్దున పోయి వెనక్కి తిరిగిన దారి పోను, నలభై నిమిషాలు ఆటోలో, ఏడు గంటలు నేల మీద. డబ్బు కూడా మిగిలింది, దాంతోనే రుమాలు కొన్నారు. పిల్లలకు విసుగు పుడుతుందన్న మాట కూడా పూర్తిగా తప్పు కాదు, చిన్నోడు మధ్యాహ్నం ఒక గంట ఏడ్చాడు. వాడికి ఆకలి వేసింది. ఇప్పుడు సంచిలో తపాలచెక్క, రెండు పొడి తువ్వాళ్లు, ఒక జత బట్టలు, చెప్పులు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు ఉంటాయి. గుళ్లో చెప్పులు విడిచాక తడిరాయి మీద అత్తమ్మకు ఒక చెయ్యి పట్టుకునేవాళ్లుండాలి, అది కూడా ఎవరో ముందే అనుకుంటాం.

ఈసారి రాఖీకి కాగితం మీద రెండు ఊళ్లున్నాయి, రెండు రోజులకు. ముసురైతే ఆలంపురం. తెరిపిచ్చి, శ్రీశైలం గేట్లు కూడా లేచి ఉంటే సాగర్. మొన్న ఫోన్లో అక్క ఈ రెండూ విని సరేనంది. తర్వాత ఫోన్ అత్తమ్మ తీసుకుంది. ఊళ్ల గురించి ఏమీ అడగలేదు. "పుట్టపాక ఆయనకు ఫోన్ చేసి అడిగినవా అల్లుడా," అంది, "గుంతల నీళ్లెక్కినయా?"